శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధన ఎలా సిద్ధం చేసుకోవాలి?

బ్రదర్ గారూ, వందనాలు.

మీరు అడిగింది ఇదీ. మీ పాస్టర్ గారి కింద ఐదు ఊళ్ల సంఘాలున్నాయి. శుభ శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే నాడు ఆయన ఒక్కచోటే ఉండగలరు. అందుకని మీ మందిరంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జరిగే ఆరాధనను ఈసారి మీకు అప్పగించారు. కిందటేడు అది నాలుగు దాటిపోయి, సగం జనం మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. సిలువ అంటే ఏమిటో ఈసారైనా జనానికి అందాలని మీ కోరిక. ప్రొజెక్టర్ పెట్టాలా, నాటిక వేయించాలా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగికులను ఎక్కడి నుంచి తేవాలి అని అడిగారు.

నేను పాస్టర్‌ని కాను. ఉపదేశి కొడుకుని. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సంఘ పెద్దగా మా మందిరంలో ఇరవై ఏడు శుభ శుక్రవారాలు ఈ మూడు గంటలూ నడిపాను. వాటిలో ఓ పది పాడు చేశాను కూడా. కాబట్టి ఏం చేయకూడదో నాకు బాగా తెలుసు.

ప్రసంగికులను వెతకడం ఆఖరి పని. జనం ఇంటికి ఏ ఒక్క సంగతి పట్టుకెళ్లాలో ముందు అది తేల్చుకోండి. సిలువ గురించి చెప్పాల్సినవన్నీ ఒక్కరోజే చెప్పాలని చూస్తే కిందటేడు మీకు జరిగిందే జరుగుతుంది. మాకూ జరిగింది. ఒక సంవత్సరం పట్నం నుంచి ఇద్దరిని, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముగ్గురిని, మా సంఘం నుంచి ఇద్దరిని పెట్టాం. మనిషికి పదిహేను నిమిషాలని నోటిమాటగా చెప్పాను. మొదటాయన "తండ్రీ, వీరిని క్షమించుము" అనే మాట మీద నిలబడి, ఏదెను తోట దగ్గర మొదలుపెట్టి, తన సాక్ష్యం మీదుగా వచ్చి, యాభై నిమిషాలకు కూర్చున్నారు. ఆరో మాట వచ్చేసరికి నాలుగైంది. చెప్పే ఆయన లేచి గంభీరంగా "సమాప్తమైనది" అన్నారు. వెనక బెంచీలోంచి ఎవరో "ఇంకా ఎక్కడ?" అన్నారు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. ఏడో మాట ఒక రిటైరైన బైబిల్ ఉమన్‌కి ఇచ్చాం. పెద్దావిడ, రెండు వారాలు కూర్చుని కాగితం మీద రాసుకొచ్చింది. ఆవిడ లేచి వచనం చదివి, చిన్న ప్రార్థన చేసి, ఆ కాగితాన్ని మడిచి చేతిసంచీలో పెట్టుకుంది. అది నాకింకా కళ్లకు కడుతుంది.

ఈ మూడు గంటల పద్ధతి ఎక్కడిదో తెలిస్తే ఏం వదిలేయాలో తేలిగ్గా తెలుస్తుంది. సువార్తలో "మధ్యాహ్నము మొదలుకొని మూడు గంటలవరకు" చీకటి కమ్మిందని ఉంది కదా, పట్టు అక్కడిది. నాలుగో శతాబ్దం చివర్లో ఎగేరియా అనే ఒక యాత్రికురాలు యెరూషలేము వెళ్లి, అక్కడ శ్రమల వారంలో ఏమేం చేస్తారో ఇంటి దగ్గరి స్త్రీలకు రాసింది. శుక్రవారం పొద్దున సిలువ మ్రాను ముక్కను బల్ల మీద పెట్టేవారు, జనం ఒక్కొక్కరే వచ్చి వంగి ముద్దు పెట్టుకునేవారు. చుట్టూ పరిచారకులు కాపలా. ఎందుకంటే అంతకుముందు ఎవరో ముద్దు పెడుతున్నట్టు వంగి ఆ చెక్కను కొరికి ముక్క పట్టుకుపోయారట! ఆ తర్వాత పన్నెండు నుంచి మూడు దాకా, పైకప్పు లేని ఆవరణలో, ఎండైనా వానైనా, జనం నిండిపోయి ఉండగా చేసిన పని లేఖనాలు చదవడమే. కీర్తనలు, ప్రవక్తలు, పత్రికలు, సువార్తలు వరసగా చదివేవారు, మధ్యలో ప్రార్థనలు. వింటూ జనం ఏడ్చేవారని ఆమె రాసింది. ఏడు మాటలకు ఏడు ధ్యానాలు అనే పద్ధతి చాలా తర్వాతది. పదిహేడో శతాబ్దం చివర్లో పెరూ దేశపు లీమా నగరంలో జెసూయిట్ అనే కతోలిక సన్యాస సంఘపు గురువులు మొదలుపెట్టారు. అక్కడి నుంచి అది యూరప్‌కు, ఆ పైన ప్రొటెస్టెంట్ సంఘాలకు, మిషనరీలతో మన దగ్గరికి వచ్చింది. అంటే ఈ ఆరాధనకు మూలం చదవడం, వినడం. ప్రసంగం తర్వాత వచ్చి చేరిన చుట్టం. చుట్టానికి మర్యాద చేద్దాం గాని, ఇల్లు రాసివ్వక్కర్లేదు.

ఇక సిలువ అర్థానికి వద్దాం. మన సంఘాల్లో పనికొచ్చినవి, నేను వాడి చూసినవి మూడున్నాయి. మూడూ వాడొద్దు, ఒకటే ఎంచుకోండి.

మొదటిది అప్పు. కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో మనమీద ఋణంగా ఉన్న "పత్రమును మేకులతో సిలువకు కొట్టి" అని ఉంది. గ్రీకులో ఆ పత్రానికి వాడిన మాట అప్పు తీసుకున్నవాడు తన చేత్తో రాసిచ్చిన కాగితానికి వాడేది. మన భాషలో ప్రోనోటు. దీన్ని మీ సంఘంలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు మా ఊళ్లో అప్పు తీరాక ప్రోనోటు వెనక "చెల్లు" అని రాసి, సంతకం ఉన్న రెవెన్యూ స్టాంపు చింపి కాగితం చేతికిచ్చేవారు. కిరాణా కొట్లో అయితే తీరిన చీటీలన్నీ ఒక వంకీ తిరిగిన ఇనపతీగకు గుచ్చి గోడకు వేలాడదీసేవాళ్లు. గుచ్చిన చీటీ మీద ఇంకెవరూ డబ్బు అడగరు. ఒక శుభ శుక్రవారం ఆ తీగను, పాత చీటీలతో సహా, కొట్టు ఆయన్ని అడిగి తెచ్చి బలిపీఠం ముందు బల్ల మీద పెట్టాను. నేను వివరించబోయేలోపే ముందు బెంచీలోని ఒక కౌలురైతు కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకు ఆ ఏడు ఎన్ని ప్రోనోట్లు బయట ఉన్నాయో నాకు తెలుసు. అందుకే ఒక జాగ్రత్త: ఈ పోలిక ఎంచుకుంటే, డబ్బు అప్పులు తీరిపోతాయన్న ఆశ పెట్టే మాట ఒక్కటి కూడా దొర్లకుండా చూసుకోండి.

ఇక్కడే ఇంకో మాట. యోహాను సువార్తలోని "సమాప్తమైనది" అన్న మాటకు గ్రీకులో "పూర్తిగా చెల్లించబడింది" అని అర్థమనీ, ఆ రోజుల్లో రసీదుల మీద అదే మాట రాసేవారనీ మన వేదికల మీద తరచూ వింటాం. ఆ రసీదుల ఆధారం అంత గట్టిది కాదు. ఆ మాటకు అర్థం పని ముగిసింది, నెరవేరింది అని. తెలుగులో ఉన్న "సమాప్తమైనది" చక్కగా సరిపోయింది. అప్పు గురించి చెప్పాలంటే కొలొస్సయులు ఉండనే ఉంది, యోహానును లాగక్కర్లేదు.

రెండోది అవమానం. మనం సిలువను గోపురం మీద, మెడలో గొలుసుకు, ఆటో అద్దం మీద చూసి పెరిగాం కాబట్టి అది ఒకప్పుడు నోట అనడానికి కూడా సిగ్గుపడే వస్తువని మనకు తట్టదు. రోమ్ వాళ్లు దాన్ని ఎక్కువగా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసేవారు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ అనే బానిస నడిపిన తిరుగుబాటును అణచాక పట్టుబడిన 6,000 మందిని ఇటలీలోని కపువా ఊరి నుంచి రోమ్ దాకా రోడ్డు పొడవునా సిలువ వేశారు. రోమ్‌లోనే పాలటైన్ కొండ మీద ఒక గోడ సున్నం మీద ఎవడో ఆకతాయి గీసిన బొమ్మ ఉంది, సుమారు 1,800 ఏళ్ల నాటిది. సిలువ మీద గాడిద తల మనిషి, కింద చెయ్యెత్తి నిలబడిన ఒకడు, పక్కన "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అని రాత. మనకు మిగిలిన సిలువ బొమ్మల్లో అత్యంత పాతవాటిలో ఒకటి అదీ, అంటే ఒక వెక్కిరింత. "సిలువనుగూర్చిన వార్త, నశించుచున్న వారికి వెఱ్ఱితనము" అని పౌలు రాసింది ఊరికే కాదు.

దీనితో కలిపి హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం చదివించండి, యేసు "గవిని వెలుపట శ్రమపొందెను" అన్న చోటు. ఊరి గుమ్మానికి బయట అని. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన సంఘ చరిత్రలో చదువుకున్నాం. వాళ్లలో ఎక్కువమంది ఊరికి బయట పల్లెల్లో ఉండాల్సివచ్చినవాళ్లు. వాళ్లకు ఈ వచనం ఎవరూ విప్పి చెప్పాల్సిన పని ఉండి ఉండదు. నన్నడిగితే మన సంఘాల్లో సగానికి సగం ఈ ఒక్క మాట మీదే కట్టినవి. ఈ సంగతి వేదిక మీద చెప్పాలంటే ఆ అనుభవం ఇంట్లో ఉన్నవాళ్లే చెప్పాలి. బయటివాళ్లు చెబితే ఎంత ప్రేమగా చెప్పినా జాలిలాగే వినిపిస్తుంది.

మూడోది చెయ్యి. మీకు నేను సిఫారసు చేసేది ఇదే. మొదటిసారి నడుపుతున్నారు కాబట్టి ఏడు మాటలనూ ఒక దారానికి గుచ్చడానికి ఇది అన్నిటికన్నా సులువు. పైగా ఇది మన తెలుగు బైబిలే ఇచ్చిన దారం.

నాలుగో మాట చూడండి. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." ఇది 22వ కీర్తన మొదటి వచనం. కీర్తనల్లో మనవాళ్లు దాన్ని "నన్నేల విడనాడితివి" అని తెచ్చారు. సువార్తకు వచ్చేసరికి అదే కేకకు "చెయ్యి విడిచితివి" అని రాశారు. గ్రీకులో అక్కడ చెయ్యి లేదు. అనువాదం చేసినవాళ్లకు తెలుగులో ఆ బాధ ఎక్కడుంటుందో తెలుసు. చెయ్యి పట్టుకుని ఏలుకుంటానన్నవాడు వదిలేస్తే "చెయ్యి విడిచాడు" అంటాం. సంతలో నాన్న చెయ్యి జారిపోయిన పిల్లాడి మొహం ఎప్పుడైనా చూశారా? నాలుగో మాట అది. ఇప్పుడు ఏడో మాటకు రండి: "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." విడిచిన ఆ చేతికే! నాలుగుకీ ఏడుకీ మధ్య ఉన్న ఈ దూరమే మీ మూడు గంటల ఆరాధన. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఈ జత నా కంటబడేసరికి నాకు యాభై దాటాయి.

మిగతా మాటలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. మొదటి మాటలో మేకులు కొట్టే చేతులున్నాయి, వాటికోసం ప్రార్థన. రెండో మాటలో పక్క సిలువ మీది దొంగ, చేతులు రెండూ కొయ్యకు దిగిపోయినవాడు, ఇక ఒక్క మంచిపనీ చేయలేనివాడు. మూడులో యేసు తన తల్లిని శిష్యుడికి అప్పగించడం, ఒక చేతిలోంచి ఇంకో చేతిలో పెట్టడం. ఐదులో దాహం, నీళ్ల గిన్నె అందుకోడానికి చేతులు లేవు, ఎవరో హిస్సోపు అనే మొక్క పుడకకు స్పంజీ తగిలించి పైకెత్తాలి. ఆరులో పని ముగించిన చేతులు. మాట్లాడేవాళ్లందరికీ ఈ దారం ముందే చెప్పండి, చాలు. వాళ్లు ఏం చెప్పాలో మీరు రాసివ్వొద్దు.

మాట్లాడేవాళ్లను బయట నుంచి తేవొద్దు. మీ సంఘంలోనే ఏడుగురున్నారు. మా దగ్గర బాగా చెప్పినవాళ్లలో ఒక లైన్‌మన్, ఒక నర్సు, ఇంటర్ చదివే కుర్రాడు, చేపలమ్మే అక్క ఉన్నారు. ఆ అక్కకు చదువు రాదు. మనవరాలు వచనం చదివితే తను నాలుగు నిమిషాలు మాట్లాడి ఆపేసింది. ఆ ఏడాది ఐదో మాట ఆవిడది. ఎండన పడి బుట్ట మోసిన మనిషి దాహం గురించి చెబితే ఇంక వ్యాఖ్యానం దేనికి? ఇంకొకటి, స్త్రీల సమాజానికి ఎప్పుడూ మూడో మాటే ఇవ్వడం మన సంఘాల్లో ఒక అలవాటైపోయింది, అమ్మ ఉందని. ఈసారి ఆ మాట ఒక మగవాడికి ఇవ్వండి, ముసలి తల్లిని చూసుకుంటున్నవాడు దొరికితే మరీ మంచిది. నాలుగో మాట ఒక స్త్రీకి ఇవ్వండి.

లెక్క ఇలా వేసుకోండి. ఒక్కో మాటకు పదిహేడు నిమిషాలు: చదవడానికి ఒకటి, ధ్యానానికి ఎనిమిది, మౌనానికి రెండు, ప్రార్థనకు రెండు, పాటకు నాలుగు. ఏడు మాటలకు రెండు గంటలు, ఒక్క నిమిషం తక్కువ. మొదట్లో ముప్పై ఐదు నిమిషాల్లో యెషయా 53, ఒక కీర్తన, యోహాను 18, 19 అధ్యాయాలు. చివర ఇరవై నిమిషాలు. ఇంకా ఆరు నిమిషాలు మిగులుతాయి గాని అవి మీవి అనుకోవద్దు, ఎవరో ఒకరు తినేస్తారు. ఎనిమిది నిమిషాలంటే చేతిరాతలో ఫుల్‌స్కేప్ కాగితానికి రెండు వైపులు. రాసుకొచ్చినవాళ్లు టైమ్ దాటరు, రాసుకోని పెద్దలే దాటుతారు. గంట కొట్టడం, చీటీ పంపడం ఇవన్నీ అవమానంగా ఉంటాయి. మేం కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, ఎనిమిదో నిమిషం కాగానే హార్మోనియం మీద తర్వాతి పాట శ్రుతి సన్నగా అందుకుంటుంది. మాట్లాడేవాళ్లకు అర్థమవుతుంది, వినేవాళ్లకు తెలియదు. హార్మోనియం వాయించే మనిషి మాత్రం మొహమాటం లేనివాడై ఉండాలి.

యోహాను రెండు అధ్యాయాలు కలిపి 82 వచనాలు. ఒక్కరే చదివితే నిద్రొస్తుంది. కథ చెప్పే గొంతు ఒకటి, యేసు మాటలకు ఒకటి, రోమ్ గవర్నరు పిలాతుకు ఒకటి, పేతురుకూ మిగతావాళ్లకూ ఒకటి పెట్టండి. జనసమూహం మాటలు సంఘమంతా కలిసి అనాలి: "సిలువవేయుము, సిలువవేయుము." మొదటిసారి జనం నసుగుతారు. అననివ్వండి. ఇందులో ఒక లాభం ఉంది. యోహాను సువార్తలో "యూదులు" అన్న మాట పదేపదే వస్తుంది. దాన్ని పట్టుకుని "యూదులు మన ప్రభువును చంపారు" అని కేకలు వేసే ప్రసంగాలు మన దగ్గరా విన్నాను. యూరప్‌లో శతాబ్దాల పాటు ఈ వారంలోనే ఆ మాట మీద యూదుల ఇళ్ల మీద పడి కొట్టారు. 1965లో రోమన్ కతోలిక సంఘం ఆ నేరం యూదులందరి మీదా మోపకూడదని ప్రకటించింది. సిలువ శిక్ష రోమ్‌ది, తీర్పు పిలాతుది, యేసూ ఆయన తల్లీ యూదులే. "సిలువవేయుము" అని మన నోటితోనే అన్నాక వేలు ఇంకొకరి వైపు చూపడం కష్టమవుతుంది.

చదివేవాళ్లకు కనీసం రెండుసార్లు ప్రాక్టీస్ పెట్టండి. మన పాత తెలుగు బైబిలు వాక్యం పొడుగ్గా ఉంటుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియకపోతే అర్థం తలకిందులవుతుంది. పెన్సిలుతో గీతలు పెట్టివ్వండి. మత్తయిలో "ఏలీ, ఏలీ" అనీ, మార్కులో "ఎలోయీ, ఎలోయీ" అనీ ఉంటుంది. ఏ సువార్త చదువుతున్నారో చూసుకుని పలకమనండి. ఆ రెండూ ఇద్దరు పిల్లలతో చదివిస్తే, ఇద్దరూ నాదే కరెక్టని పోట్లాడుకోవడం మా దగ్గర జరిగింది.

ప్రొజెక్టర్ వద్దు. ఏప్రిల్ మధ్యాహ్నం కిటికీలు తెరిస్తే బొమ్మ కనపడదు, మూస్తే మనుషులు ఉడికిపోతారు. కరెంటు సంగతి వేరే చెప్పాలా? నాటిక కూడా వద్దనే అంటాను, యూత్‌వాళ్లు నొచ్చుకున్నా సరే. మా వాళ్లు ఒకసారి వేశారు. సిలువ మోసే కుర్రాడు ఒళ్లంతా ఎర్ర రంగు పూసుకొచ్చాడు. చిన్నపిల్లలు గొల్లుమన్నారు, పెద్దలు ఫోన్లెత్తి వీడియోలు తీశారు. సువార్తలు తీసి చూడండి, సిలువ వేయడం గురించి నలుగురూ రాసింది ఒక్క ముక్కే, ఆయనను సిలువ వేశారని. మేకులెక్కడ దిగాయి, రక్తమెంత కారిందనే వర్ణన లేదు. మేకుల మాట వచ్చేది కూడా ఆ తర్వాత, శిష్యుడు తోమా నోట. చూసినవాళ్లే అంత తక్కువ చెప్పారు. మనకెందుకు అంత ఆర్భాటం? యూత్‌కు వేరే పని ఇవ్వండి: సిలువ చేయించడం.

ఆ సిలువ పాలిష్ లేని చెక్కతో, మనిషెత్తున ఉండాలి. చివర ఇరవై నిమిషాల్లో దాన్ని నేల మీద పడుకోబెట్టి, జనం తమ భారం ఏదో చీటీ మీద రాసి తెచ్చి మేకుతో కొట్టే పద్ధతి మీరు చూసే ఉంటారు. బాగుంటుంది గాని నాలుగు జాగ్రత్తలు. మామిడి చెక్క వాడండి, టేకులో ముసలివాళ్ల చేతికి మేకు దిగదు. వడ్రంగితో ముందే సన్నని బెజ్జాలు వేయించండి. సుత్తి చప్పుడు మైకులో పడనివ్వొద్దు, మైకు లేకుండా హాల్లో వినిపించినంత చాలు. అన్నిటికన్నా ముఖ్యం నాలుగోది. మా దగ్గర ఒకసారి ఆరాధనయ్యాక సిలువను వరండాలో వదిలేశాం. శనివారం ఈస్టర్‌కి మందిరం ఊడ్చడానికి వచ్చిన పిల్లలు ఆ చీటీలు పీకి, ఒక్కోటి పైకి చదువుకుంటున్నారు. ఎవరి చేతిరాత ఎవరిదో ఊళ్లో తెలియందేముంది? ఒక కుటుంబం మూడు నెలలు మందిరానికి రాలేదు. తప్పు నాది, వెళ్లి క్షమాపణ అడిగాను. చీటీలు మడిచే కొట్టమని చెప్పండి, పేర్లు రాయొద్దని చెప్పండి, జనం వెళ్లగానే పీకి అక్కడే కాల్చేయండి.

పాటల విషయం త్వరగా చెప్పేస్తాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో క్రీస్తు శ్రమలకు సంబంధించినవి ఏరుకోండి. ప్రతి కీర్తన మీదా రాగం, తాళం ఉంటాయి, మీ క్వైర్‌కి వచ్చిన ఎనిమిది చాలు, కొత్తవి ఆ రోజు నేర్పొద్దు. కీబోర్డు రిథమ్ ఆపేయండి. ఒక్క పాటైనా ఏ వాయిద్యం లేకుండా పాడండి. నాలుగో మాట తర్వాత అయితే మరీ బాగుంటుంది. పునరుత్థానం పాట ఎవరో ఒకరు ఎత్తుకోబోతారు. ఆదివారం దాకా ఆగమనండి.

మౌనం రెండు నిమిషాలని రాశాను గదా, మొదటి సంవత్సరం అది ఎవరూ భరించలేరు. దగ్గుతారు, ఫోన్ చూసుకుంటారు, ఎవరో ఒకరు "స్తోత్రం" అంటారు. మీరు మాత్రం గడియారం చూసి పూర్తిగా రెండు నిమిషాలూ ఆగండి. మూడో మాటకల్లా హాలు సర్దుకుంటుంది. ప్రభురాత్రి భోజనం ఆ రోజు పెట్టాలా వద్దా అన్నది మీ పాస్టర్ గారినే అడగండి, ఒక్కో సంఘానిది ఒక్కో పద్ధతి. కానుకలు మధ్యలో పట్టొద్దు, గుమ్మం దగ్గర పెట్టె పెడితే వేసేవాళ్లు వేస్తారు.

ఉపవాసంతో వచ్చేవాళ్లుంటారు, వాళ్లలో షుగర్ మందులు వేసుకునే పెద్దలు ఉంటారు. పేర్లు మీకు తెలుసు, గురువారమే ఇంటికెళ్లి ఏదైనా తిని రమ్మని చెప్పండి. ఒకరిద్దరు వినరు, వాళ్లను ఫ్యాన్ కింద, తలుపు పక్కన కూర్చోబెట్టండి. మంచినీళ్లు లోపలే ఉంచండి. ఐదో మాటప్పుడు నీళ్లు తాగడానికి జనం మొహమాటపడతారు, మీరు ముందు తాగండి. మజ్జిగ, పులిహోర మాత్రం బయట చెట్టు కిందే పెట్టించండి. తాలింపు వాసన లోపలికొస్తే మూడో గంట ఇక మీది కాదు.

ముగింపుకు ఆశీర్వాదం తప్ప ఏమీ పెట్టొద్దు. వందన సమర్పణ వద్దు, మాట్లాడినవాళ్లకు శాలువాలు అసలే వద్దు. మూడు కాగానే ఏడో మాట ఇంకోసారి చదివి, సిలువ మీద నల్లబట్ట కప్పి, ఎవరి పాటికి వాళ్లను మాటలు లేకుండా వెళ్లనివ్వండి. మైకు చూసే కుర్రాడికి ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి, నల్లబట్ట పడగానే స్విచ్ కట్టేయమని. ఆలస్యం చేశాడో, ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకు వ్యాన్ ఎన్నింటికో చెప్పాలంటూ ఎవరో ఒక పెద్దాయన అప్పటికే లేచి వస్తూ ఉంటారు.